బంతి ఒకటే, లెక్కలు రెండు

ఒక స్కేలును బల్ల మీద ఏటవాలుగా పెట్టండి. ఒక కొస అంచు దాటి బయటికి రావాలి. ఆ కొస మీద ఒక నాణెం ఉంచండి. స్కేలుకూ బల్ల అంచుకూ మధ్య ఇంకొక నాణెం పెట్టండి. స్కేలు మధ్యన వేలు ఆనించి, చటుక్కున తిప్పండి. బల్ల మీది నాణెం దూరంగా ఎగిరిపోతుంది. కొస మీదిది ఉన్నచోటనే కిందికి జారుతుంది. చూడకండి, చెవులతో వినండి. "టప్"మని ఒక్కటే చప్పుడు! రెండుగా వినిపిస్తే మళ్ళీ చేయండి. నాణెం కాస్త పైకి లేచి ఉంటుంది.

ఫిరంగి గుండు కొంతదూరం తిన్నగా పోయి, చివరకు నిలువుగా కూలుతుందని పూర్వం చాలామంది పండితులు నమ్మేవారు. పక్కకు సాగే చలనం, కిందికి పడే చలనం ఒకదానికొకటి అడ్డురావనీ, ఆ రెండూ కలిస్తే వచ్చేది పరావలయమనీ 1638లో అచ్చయిన తన గ్రంథంలో గెలీలియో నిరూపించాడు.

కాబట్టి ప్రక్షేపకం లెక్క రాగానే సూత్రం కోసం తడుముకోకండి. కాగితం మధ్య ఒక నిలువు గీత గీయండి. ఎడమవైపు "అడ్డం", కుడివైపు "నిలువు" అని రాయండి. అడ్డం వైపు త్వరణం సున్న. నిలువు వైపు కిందికి 9.8, లెక్క తేలిక కోసం 10 అనుకుందాం. రెండు వైపులకూ ఉమ్మడి ఆస్తి కాలం ఒక్కటే.

ఇప్పుడు లెక్క. 15 మీటర్ల మేడ అంచున నిలబడి, సెకనుకు 20 మీటర్ల వేగంతో, 30 డిగ్రీలు పైకి వంచి బంతి విసిరాం. ఎంత దూరంలో పడుతుంది? గాలి నిరోధాన్ని వదిలేద్దాం.

వేగంలో నిలువు భాగం 10, అడ్డ భాగం 17.3. పై దిశను ధనంగా తీసుకుంటే నేల మనకు −15 దగ్గరుంది. కాలాన్ని "కా" అనుకుంటే:

−15 = 10 కా − 5 కా²

అంటే కా² − 2 కా − 3 = 0. కా = 3 లేదా −1. మూడు సెకన్లను అడ్డం వైపుకు అప్పగిస్తే 17.3 × 3, అంటే దాదాపు 52 మీటర్లు.

ఎత్తు 15 కదా అని కొందరు −15 బదులు 15 వేస్తారు. అప్పుడు వాస్తవ మూలాలే రావు. రావు మరి! బంతి మేడపైన 5 మీటర్లే లేస్తుంది, 15 మీటర్లు ఎలా చేరుతుంది? ఇంకో పొరపాటు, శిఖరం దగ్గర వేగం సున్న అనుకోవడం. సున్న అయ్యేది నిలువు భాగమే. అడ్డ భాగం 17.3 అలాగే ఉంటుంది.

ఇక ఆ −1 సంగతి. "కాలం రుణం కాదు, కొట్టెయ్యండి" అని చాలా ఏళ్ళు నేను చెబుతూ వచ్చాను. ఒకనాడు పదో తరగతి అమ్మాయి లేచి, "పనికిరానిదైతే సమీకరణం ఎందుకిచ్చింది మాస్టారూ?" అంది. నా దగ్గర జవాబు లేదు. గంట కొట్టి నన్ను కాపాడింది.

ఆ రాత్రి కూర్చుని బొమ్మ గీశాను. సమీకరణానికి మేడ సంగతి తెలియదు, విసిరిన చేయి సంగతీ తెలియదు. సున్న సెకను దగ్గర బంతి 15 మీటర్ల ఎత్తున ఉంది, పైకి 10 వేగంతో పోతోంది. దానికి తెలిసింది అంతే. అదే దారిని వెనక్కి పొడిగిస్తే, ఒక సెకను ముందు ఆ బంతి మీకు 17.3 మీటర్లు వెనుక, నేల మీద ఉండాలి. అప్పుడు దాని నిలువు వేగం 20. సరిచూడండి: ఒక సెకనులో 20 − 5 = 15 మీటర్లు లేస్తుంది, వేగం 10కి తగ్గుతుంది. అంటే అక్కడినుంచి ఎవరో విసిరిన బంతీ, మీ బంతీ ఒకటే!

మర్నాడు బోర్డు మీద ఇదంతా గీసి చూపించాను. ఆ అమ్మాయి కాసేపు చూసి, "మధ్యలో మేడ గోడ అడ్డం వస్తుంది కదండీ" అంది. క్లాసంతా నవ్వింది, నేనూ నవ్వాను.

మీకొక పని. అదే మేడ, అదే వేగం. ఈసారి 30 డిగ్రీలు కిందికి వంచి విసరండి. మళ్ళీ రెండు జవాబులు వస్తాయి. వాటిని పై లెక్కలోని జవాబుల పక్కన పెట్టి చూడండి. రుణ జవాబును కొట్టేసే ముందు, అది ఎక్కడినుంచి వచ్చిన బంతో బొమ్మ గీయండి.