పంపు ఉంది కదా అని...

కొన్నేళ్ళ క్రితం నేనూ, మరో తెలుగు మిత్రుడూ కలిసి సియాటెల్‌లో 28 అడుగుల పాత తెరచాప పడవ కొన్నాం. ఒక జనవరి శనివారం పొద్దున్నే పక్క పడవాయన ఫోన్ చేశాడు, మా పడవ నీళ్ళలో బాగా కిందికి దిగినట్టుంది, వచ్చి చూసుకోమని. వెళ్ళి చూస్తే లోపల నేల చెక్కలు తేలుతున్నాయి. బాటరీలో ప్రాణం లేదు. బకెట్లతో తోడేసరికి మధ్యాహ్నమయింది. ఇంజను స్టార్టరు మోటారు ఉప్పునీళ్ళలో నాని పాడయింది.

పడవ అడుగున అన్నిటికన్నా పల్లంగా ఉండే చోటుని బిల్జ్ అంటారు. ఎక్కడ కారినా నీరు చివరికి చేరేది అక్కడికే. గోదావరిలో పడవవాళ్ళు డబ్బాతో తోడిపోసేది ఈ నీటినే. మా పడవలో ఆ పని 12 వోల్టుల పంపు చేస్తుంది. నీటిమట్టం పెరిగితే ఫ్లోట్ స్విచ్ తేలి పంపుని ఆన్ చేస్తుంది, తగ్గితే ఆఫ్ చేస్తుంది. ఒక్క ఇఫ్, ఒక్క ఎల్స్. ఇందులో బగ్ ఏముంటుంది అనుకున్నాం.

ముందు నీరు ఎక్కడినుంచి వస్తోందో చూశాం. చేపల తొట్టెల వాళ్ళు వాడే ఉప్పు కొలిచే పరికరంతో పరీక్షిస్తే ఉప్పునీరని తేలింది. అంటే వాన కాదు, సముద్రమే. ఇంజను నుంచి ప్రొపెల్లరుకి వెళ్ళే ఇరుసు పడవ అడుగుని దాటే చోట స్టఫింగ్ బాక్స్ ఉంటుంది. అందులో మైనం పట్టించిన తాడులాంటిది చుట్టి, నట్టు బిగిస్తారు. ఇరుసు తిరిగేటప్పుడు చల్లదనం కోసం నిమిషానికి రెండు మూడు చుక్కలు పడాలి, ఆగినప్పుడు దాదాపు ఆగిపోవాలి. మాది ధారగా కారుతోంది. లీటరు గిన్నె పెడితే 6 నిమిషాల్లో నిండింది. తాడు మార్పించాం.

"కారడం ఆగింది కదరా, ఇంకేం కావాలి?" అన్నాడు మావాడు. నాకు మాత్రం లెక్క కుదరలేదు. గంటకి 10 లీటర్లు, రోజుకి 240. మా పంపు మీద గంటకి 1000 గాలన్లని రాసి ఉంటుంది. అది ఎత్తు లేకుండా తోడినప్పటి మాట. సగమే తోడినా గంటకి 1900 లీటర్లు. అంటే రోజుకి 8 నిమిషాల పని. 4 ఆంపియర్ల చొప్పున అర ఆంపియర్-గంట ఖర్చు. 100 ఆంపియర్-గంటల బాటరీ వారాల తరబడి రావాలి. మరి ఎందుకు చచ్చింది?

బిల్జ్‌లో రెండు బకెట్ల నీళ్ళు పోసి కూర్చున్నాం. పంపు తిరిగింది, ఆగింది. గొట్టంలో మిగిలిన నీరు వెనక్కి జారింది. మట్టం పెరిగి పంపు మళ్ళీ తిరిగింది. మళ్ళీ ఆగింది. అవే నీళ్ళని తోడుతూనే ఉంది! అంతకుముందు వేసవిలో పెద్ద పంపు పెట్టి, అంగుళం పైన వెడల్పున్న మూడు మీటర్ల గొట్టం వేసింది మేమే. అందులో పట్టేది సుమారు రెండు లీటర్లు. మా ఇరుకు బిల్జ్‌లో ఆన్, ఆఫ్ మట్టాల మధ్య పట్టేది అంతకన్నా తక్కువ. రోజులో సగం సేపు తిరిగినా 48 ఆంపియర్-గంటలు. ఒడ్డు కరెంటుతో నడిచే చార్జరు వారాలపాటు ఈ తప్పుని కప్పిపుచ్చింది. బ్రేకరు పడిపోయిన రోజునుంచి బాటరీ రెండు రోజులే ఆగింది.

గొట్టంలో వాల్వు పెడితే సరిపోతుందని చాలామంది అంటారు. చెత్త అడ్డుపడి అది మూసుకుపోతే పంపు ఉండీ లేనట్టే. మేము రోజువారీ నీటికి సన్న గొట్టంతో చిన్న పంపు కింద పెట్టాం. పెద్ద పంపుని పైన, వేరే స్విచ్‌తో పెట్టాం. ఇంకా పైన అలారం. పంపుల తీగలు మెయిన్ స్విచ్‌తో సంబంధం లేకుండా, ఫ్యూజు ద్వారా నేరుగా బాటరీకే కలిపాం.

ఒక్క మాట. నీటిమట్టానికి రెండడుగుల కింద అంగుళం చిల్లు పడితే నిమిషానికి 60 లీటర్లకి పైనే లోపలికొస్తాయి. మా పెద్ద పంపు కూడా దానికి చాలదు. అందుకే అడుగున ఉన్న ప్రతి వాల్వు పక్కనా ఒక కొయ్య బిరడా కట్టి ఉంచాం.

అన్నిటికన్నా పనికొచ్చినది మాత్రం చిన్న కౌంటరు. పంపు ఎన్నిసార్లు తిరిగిందో లెక్కపెడుతుంది. ఆఫీసులో సర్వరు పడిపోగానే దానంతటదే మళ్ళీ లేచేలా స్క్రిప్టు రాసి, లాగ్ చూడకుండా ఇంటికెళ్ళిన రోజులు మనందరికీ ఉన్నాయి. మేము పడవలోనూ అదే చేశాం. ఇప్పుడు వారానికోసారి వెళ్ళి ముందు ఆ అంకె చూస్తాం. పెరిగిందంటే తెరచాప విప్పం, నేల చెక్క ఎత్తుతాం.