మీకు తెలుసా? మూతపడిన ఫ్యాక్టరీని పాత కార్మికులే నిలబెట్టారు

అమెరికాలో, కాలిఫోర్నియా రాష్ట్రంలోని ఫ్రీమాంట్‌లో జనరల్ మోటార్స్‌కు ఒక కార్ల ఫ్యాక్టరీ ఉండేది. ఏ రోజు చూసినా ఐదుగురిలో ఒకరు పనికి వచ్చేవారు కాదు. సమ్మెలు, కుప్పలుగా ఫిర్యాదులు, పనివేళల్లోనే మద్యం. 1982లో కంపెనీ దానికి తాళం వేసింది.

1984లో అదే చోట జపాన్ కంపెనీ టొయోటా, జనరల్ మోటార్స్‌తో కలిసి 'నుమ్మి' పేరుతో మళ్లీ కార్ల తయారీ మొదలుపెట్టింది. యాజమాన్యం పగ్గాలు టొయోటావి. పనిలోకి తీసుకున్నవారిలో మాత్రం దాదాపు 85 శాతం మంది పాత ఫ్యాక్టరీ కార్మికులే! యూనియన్ కూడా పాతదే, జీతాలు అమెరికా యూనియన్ రేట్ల ప్రకారమే.

400 మందికి పైగా కార్మికులను జపాన్‌లోని తకవోకా ప్లాంట్‌కు పంపి, అక్కడివాళ్ల పక్కనే నిలబెట్టి పని నేర్పించారు. ఫ్రీమాంట్‌లో వాళ్లు అంతకుముందు చూసిన పద్ధతి ఒకటే: ఏం జరిగినా లైన్ ఆగకూడదు. తప్పు కనిపించినా బండి ముందుకు పోవాల్సిందే, రిపేరు తర్వాత సంగతి. టొయోటా ప్రతి కార్మికుడి తల మీదుగా ఒక తాడు వేలాడదీసింది. అనుమానం వస్తే లాగు. టీమ్ లీడర్ పరుగున వస్తాడు. అప్పటికప్పుడు సరికాకపోతే లైన్ ఆగుతుంది. లాగినందుకు తిట్లు ఉండవు. మేనేజర్లకు వేరే భోజనశాల, వేరే పార్కింగ్ తీసేశారు.

గైర్హాజరీ రెండు మూడు శాతానికి దిగింది. బండ్ల నాణ్యత తకవోకా స్థాయిని దాదాపు అందుకుంది.

తాడుకన్నా నన్ను ఎక్కువగా కదిలించేది 1988 నాటి సంగతి. అమ్మకాలు పడిపోయి ఫ్యాక్టరీ తన సామర్థ్యంలో 60 శాతం కూడా పనిచేయని రోజులవి. అమెరికా కార్ల పరిశ్రమలో అలాంటప్పుడు లేఆఫ్ మామూలే. నుమ్మి మాత్రం ఒక్కరినీ ఇంటికి పంపలేదు. ఖాళీగా ఉన్నవాళ్లను శిక్షణలో కూర్చోబెట్టింది, పని పద్ధతులు మెరుగుపరిచే బాధ్యత ఇచ్చింది. లేఆఫ్ తప్పనిసరైతే ముందు పెద్ద అధికారుల జీతాలే తగ్గాలని యూనియన్‌తో ఒప్పందంలోనే రాసుకుంది. ఉద్యోగం పోదన్న ధీమా లేనివాడు తన చేతులతో తాడు లాగి లైన్ ఎందుకు ఆపుతాడు?

జనరల్ మోటార్స్ ఇదే పద్ధతిని కాలిఫోర్నియాలోనే ఉన్న తన వాన్ నైస్ ఫ్యాక్టరీలో ప్రయత్నించింది. అక్కడ కార్మికులకూ మేనేజర్లకూ మధ్య ఆ నమ్మకం కుదరలేదు. 1992లో అది మూతపడింది.