ఒక యంత్రములో పది యంత్రములు

సిరిసిల్లలో ధ్రువపత్రమునకు దరఖాస్తు పెట్టు విద్యార్థి, కోరుట్లలో పింఛను వివరము తెలిసికొనవచ్చిన బీడీ కార్మికురాలు, జగిత్యాలలో పదవ తరగతి ఫలితము చూచుకొను బాలుడు—వీరికి జవాబు చెప్పునది ఎదుటనున్న కంప్యూటరు కాదు. ఎచ్చటనో దూరమున నున్న సర్వరు. ఇతర కంప్యూటర్లు అడిగిన సమాచారమును అందించుటయే దాని పని. అది ఆగిపోయినచో కార్మికురాలికి ఒకనాటి కూలి నష్టము. కనుక సర్వర్లను ఆగకుండ నడపుట ఎట్లో తెలిసికొందము.

లినక్సు అనగానేమి?

యంత్రభాగములకును, ప్రోగ్రాములకును నడుమ నిలిచి పనులు పంచిపెట్టు మూల ప్రోగ్రామును ఆపరేటింగ్ సిస్టం అందురు. 1991లో హెల్సింకి విశ్వవిద్యాలయ విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ ఇట్టిదాని కేంద్రభాగమును వ్రాసి లోకమున కందించెను. అదియే లినక్సు. దాని మూలరచనను ఎవరైనను చదువవచ్చును, మార్చుకొనవచ్చును. పెద్ద సంస్థల సర్వర్లలో దీనికి గొప్ప వ్యాప్తి కలదు.

ఒకే కప్పు క్రింద

ఒక్కొక్క పనికి ఒక్కొక్క సర్వరు పెట్టినచో అది చాలసేపు ఖాళీగా నుండియు విద్యుత్తును తినుచుండును. అన్ని పనులను ఒకేచోట కలిపినచో ఒకదాని లోపము తక్కినవానిని చెరచును. సిరిసిల్ల మరమగ్గముల షెడ్డును చూడుడు. కప్పు ఒకటి, విద్యుత్తు తీగ ఒకటి. సాంచాలు మాత్రము వేరువేరు. ఒక సాంచపై పోగు తెగినచో ప్రక్కది ఆగదు. ఇట్లే ఒక యంత్రములో, దేనికది వేరన్నట్లు నడచు కల్పిత యంత్రములను ఏర్పరచుటయే వర్చువలైజేషన్. వీనిని కాచుచుండు ప్రోగ్రాము హైపర్‌వైజర్.

ఈ ఊహ క్రొత్తది కాదు. ఐ.బి.ఎం. సంస్థ 1960 దశకముననే పెద్ద కంప్యూటర్లపై దీనిని సాధించినది. 2005, 2006 సంవత్సరములలో ఇంటెల్, ఎ.ఎం.డి. సంస్థలు తమ సామాన్య ప్రాసెసర్లలోనే ఇందుకు సదుపాయము కల్పించెను. 2007లో కె.వి.ఎం. అను భాగము లినక్సులో చేరగా, లినక్సే హైపర్‌వైజర్ కాగలిగెను. కల్పిత యంత్రపు ఆజ్ఞలలో అధికభాగము నేరుగా ప్రాసెసరుపైననే నడచును. ఇతరులకు భంగము కలిగింపగల ఆజ్ఞ వచ్చినపుడు మాత్రమే హైపర్‌వైజర్ అడ్డుపడి తానే ఆ పని చక్కబెట్టును.

ఒక చిన్న లెక్క

ఒకే పరిమాణముగల 30 కల్పిత సర్వర్లను మూడు యంత్రములపై పదేసి చొప్పున ఉంచితిమనుకొందము. ఒక యంత్రము చెడినచో మిగిలిన రెండును 15 చొప్పున మోయవలెను. కావున ప్రతి యంత్రములోను పదింటికి గాక, పదునైదింటికి చాలు మెమరీ ఉండవలెను. ప్రాసెసరు కాలమును వంతులవారీగా పంచుకొనవచ్చును. మెమరీ చాలనిచో మాత్రము పని కుంటుపడును. ఫలితములు వెలువడు రోజున ఈ ముందుచూపే కాపాడును.

మరమ్మతు ముందే తెలిసినచో, నడచుచున్న కల్పిత యంత్రమును దాదాపు ఆపకుండనే వేరొక యంత్రముపైకి తరలింపవచ్చును; నేతగాడు సగము నేసిన బీమును ప్రక్క షెడ్డునకు మార్చినట్లు. అయినను నకలు వేరొకచోట భద్రపరుపక తప్పదు. అదే డిస్కుపై నున్న నకలు డిస్కుతోపాటే పోవును గదా!

ఉపాధ్యాయులు పాఠశాల కంప్యూటరులో ఒక కల్పిత లినక్సు యంత్రమును నెలకొల్పి విద్యార్థులకు అప్పగింపవచ్చును. వారు దానిని చెరచినను అసలు యంత్రము చెక్కుచెదరదు. నిర్భయముగా నేర్చుకొనుటకు ఇంతకంటె మంచి ప్రయోగశాల ఏమి కావలెను?