రైలొస్తే గొడుగు ముడిచే సంత



థాయ్‌లాండ్ అనగానే మనలో చాలామందికి బాంకాక్ నగరం, అక్కడి పెద్ద పెద్ద దుకాణాలు గుర్తుకొస్తాయి. వెళ్లొచ్చినవాళ్లు చూపించే ఫోటోల్లో పడవలో కూర్చుని పళ్లమ్మే ఆడమనిషి తప్పకుండా వుంటుంది. ఆవిడ ఎవరు? ఆ పడవ చూడవచ్చినవాళ్ల కోసం కట్టిన వేషమా, నిజంగా బతుకుతెరువేనా? ఇవాళ ఆ సంగతి చెప్పుకుందాం.

బాంకాక్‌కి నైరుతిగా సుమారు 70 కిలోమీటర్ల దూరంలో, సముద్రం ఒడ్డున సముద్ సోంఖ్రామ్ అనే ప్రాంతం వుంది. మన లెక్కలో జిల్లా అనుకోండి. ఆ దేశపు జిల్లాలన్నిటిలోకీ విస్తీర్ణంలో చిన్నది. పేరు నోరు తిరగడం లేదు కదూ! నిజానికది మనకు తెలిసిన మాటే, సముద్ర సంగ్రామం. పక్కనున్న సముద్ సాఖోన్ సముద్ర సాగరం, రాచ్చబురి రాజపురి. మతంతోపాటు, రాజాస్థానాలతోపాటు సంస్కృతం, పాళీ మాటలు అక్కడికి వెళ్లి, వాళ్ల నోట అలా మారాయన్నమాట.

మే క్లాంగ్ నది ఇక్కడ సముద్రంలో కలుస్తుంది. ఊళ్లనిండా కాలవలే. రాజు మోంగ్‌కుట్ కాలంలో 1866లో మొదలుపెట్టి 1868కల్లా తవ్వించిన దామ్నెన్ సదువాక్ కాలవ రెండు నదుల్ని కలిపింది. రోడ్లు లేని ఆ రోజుల్లో ఇంటి గుమ్మం కాలవవైపే వుండేది. తోటలో కాసిన కాయో పండో పడవలో వేసుకుని ఇల్లాలే తెడ్డు వేసుకుంటూ వెళ్లి అమ్ముకునేది, లేదా ఇంకొకరి బియ్యానికో చేపలకో మార్చుకునేది. పడవ సంత పుట్టింది అలాగే. తరవాత రోడ్లు పడ్డాయి, లారీలొచ్చాయి, పడవలు మూలపడ్డాయి. అంఫవా అనే ఊళ్లో ఆగిపోయిన సంతను 2004లో మళ్లీ నిలబెట్టారు. శుక్ర, శని, ఆదివారాల్లో మధ్యాహ్నం మొదలై రాత్రిదాకా సాగుతుంది. కాలవ ఒడ్డున వున్న పాత కొయ్య ఇళ్లను కాపాడుకున్నందుకు 2008లో యునెస్కో ఆ ఊరిని మెచ్చుకుంది. అంటే, ఇవాళ్టి పడవ సంతకు జనం వచ్చేది చాలామటుకు సరదా కోసమే. అమ్మే ఆవిడకు మాత్రం అది సంపాదనే.

ఊరివాళ్ల అసలు బజారు చూడాలంటే మే క్లాంగ్ రైలు స్టేషనుకు వెళ్లాలి. ఆ రైలుదారి 1905 నాటిది. పట్టాల మీదే కూరలు, చేపలు, రొయ్యలు, మిరపకాయలు పరిచివుంటాయి. కూత వినపడగానే చక్రాల బల్లలు వెనక్కి లాగేస్తారు, పైనున్న గుడ్డ పందిళ్లు ముడిచేస్తారు. పొట్టిగా వున్న కూరల బుట్టల్ని కదపనే కదపరు, రైలు వాటి పైనుంచే వెళ్లిపోతుంది. మరుక్షణం అన్నీ యథాస్థానం! అందుకే దానికి గొడుగులు ముడిచే బజారని పేరు.

ఇక్కడ బుట్టల్లో తలవంచుకుని పడుకున్న చేపలు కనిపిస్తాయి. పేరు ప్లా థూ, మన కానాగంతల జాతి. చిన్న వెదురు బుట్టలో పట్టడానికి మెడ విరిచి, తల వంచి, ఉప్పునీళ్లలో ఉడికిస్తారు. ఆ వంచిన తలే మే క్లాంగ్ సరుకు గుర్తు.

ఇక కొబ్బరి బెల్లం. ఇంకా విచ్చుకోని పూగుత్తి చివర పలచగా కోసి, కారే నీరాను గొట్టంలో పడతారు. ఉదయం ఒకసారి, సాయంకాలం ఒకసారి చెట్టెక్కాలి. పులిసిపోకుండా అందులో ఒకరకం చెట్టు చెక్కముక్కలు వేస్తారు. పెద్ద మూకుళ్లలో కాచి, చిక్కబడ్డాక బాగా గిలక్కొట్టి అచ్చుల్లో పోస్తారు. ఒక కిటుకు చెబుతాను. అసలైన బెల్లం మెత్తగా వుంటుంది, నిలవుంటే కరిగి రంగు తిరుగుతుంది. రాయిలా గట్టిగా, తెల్లగా నిలిచిందంటే పంచదార కలిసిందని అర్థం. కల్తీ సరుకు చవక కాబట్టి చెట్టెక్కేవాడికి గిట్టుబాటు కాదు. పిల్లలు ఆ పని నేర్చుకోవడం మానేస్తున్నారు.

సముద్రపు పాయల్లో మరో కష్టం వచ్చిపడింది. పశ్చిమ ఆఫ్రికాకు చెందిన ఒక తిలాపియా చేప 2012 ప్రాంతంలో ఇక్కడి రొయ్యల చెరువుల్లో కనపడింది. రొయ్యపిల్లల్నీ చేపపిల్లల్నీ తినేస్తుంది. గుడ్లను మగచేప నోట్లో పెట్టుకుని కాపాడుతుంది కాబట్టి సంతతి తొందరగా పెరుగుతుంది. 2024 నాటికి అది చాలా జిల్లాలకు పాకింది. పట్టితెచ్చినవాళ్లకు ప్రభుత్వమే డబ్బిచ్చి కొనవలసివచ్చింది. చెరువు ఖాళీ అయితే ముందు తగ్గేది ఇంట్లో కూడే కదా!

గుడి సంగతి చెప్పలేదు. బౌద్ధాలయాన్ని వాళ్లు వాట్ అంటారు. మే క్లాంగ్‌లోని వాట్ పేచ్ సముద్‌లో నిలబడిన బుద్ధుడున్నాడు. పూర్వం జాలరుల వలలో పడి పైకొచ్చాడని అక్కడివాళ్ల నమ్మకం. సముద్రానికి వెళ్లేముందు ఆయనకు మొక్కుకుంటారు. తెల్లవారగానే భిక్షువులు పడవల్లో వస్తారు. ఇంటామె వేడి అన్నం వండి వాళ్ల పాత్రలో వేస్తుంది. ఆ పాత్రను బాత్ అంటారు, అదీ మన మాటే!

వెళ్లే సోదరీమణులు భుజాలు, మోకాళ్లు కప్పే బట్టలు కట్టుకోండి. చెప్పులు బయట విడవండి. భిక్షువుల్ని ఆడవాళ్లు తాకకూడదు, వస్తువైనా చేతికివ్వకూడదు. ఆయన పరిచిన గుడ్డ మీద పెట్టాలి.

మన కార్తీక పున్నమి వేళకే వాళ్లకు లోయ్ క్రతోంగ్ పండుగ వస్తుంది. మే క్లాంగ్ వాళ్లు అరటి దొప్పల్లోనే దీపాలు పెట్టి నీళ్లలో వదులుతారు. మనం పోలి స్వర్గానికి వదిలినట్టే! అందుకే ఆ సంతకు వెళ్తే ఫోటో తీసుకుని వచ్చేయకండి. ఆమె దగ్గర ఓ అచ్చు కొబ్బరి బెల్లం కొనండి. ఆ పడవ నిలిచేది దానివల్లే.