గేట్‌వే రౌటర్ పడిపోయినా నెట్ ఆగకూడదంటే?

2016లో జాతీయ ఆన్‌లైన్ వ్యవసాయ మార్కెట్ ఈ-నామ్ మొదలైనప్పుడే నిజామాబాద్ మార్కెట్ యార్డు అందులో చేరింది. పసుపు సీజన్‌లో యార్డు నిండా రాశులుంటాయి, వ్యాపారులు ఆన్‌లైన్‌లో ధర వేస్తారు. సరిగ్గా ఆ గంటలో నెట్ పోతే ధర తేలదు, కాంటా పడదు, రైతు ఇంటికి పోలేడు. ఇలాంటి చోట రెండు రౌటర్లు ఉండటం దుబారా కాదు, అవసరం.

రెండు కొని పెడితే చాలదా? చాలదు. మామూలుగా కంప్యూటర్‌లో డిఫాల్ట్ గేట్‌వే ఒక్కటే రాసి ఉంటుంది. అది 192.168.10.2 అయితే, ఆ రౌటర్ ఆగిపోయినా కంప్యూటర్ దాన్నే పిలుస్తూ ఉంటుంది. పక్కనే 192.168.10.3 సిద్ధంగా ఉన్న సంగతి దానికి తెలియదు.

మరి ఎలా? రెండింటికీ ఉమ్మడిగా 192.168.10.1 అని మూడో అడ్రస్ పెట్టి, అన్ని కంప్యూటర్లకూ అదే గేట్‌వేగా ఇవ్వాలి. దీనికోసం 1998లో వచ్చిన ప్రమాణమే వీఆర్‌ఆర్‌పీ. సిస్కో రౌటర్లలో ఇదే పనికి హెచ్‌ఎస్‌ఆర్‌పీ కూడా ఉంది. ఒక రౌటర్‌కు ప్రయారిటీ 120, రెండోదానికి 100 ఇస్తే మొదటిది మాస్టర్, రెండోది బ్యాకప్. మాస్టర్ సెకనుకోసారి 224.0.0.18కి తాను బతికే ఉన్నానని కబురు పెడుతుంది. సుమారు మూడున్నర సెకన్లు ఆ కబురు రాకపోతే బ్యాకప్ ముందుకొచ్చి .1ను తన మీద వేసుకుంటుంది. ఉమ్మడి మ్యాక్ అడ్రస్ కూడా దానితోపాటే వస్తుంది కాబట్టి కంప్యూటర్లలో ఏమీ మార్చనక్కర్లేదు.

అసలు చిక్కు ఇక్కడే ఉంది. బోధన్ రోడ్డు పక్కన జేసీబీ తవ్వి ఫైబర్ తెంపిందనుకోండి. రౌటర్ బాగానే ఉంది, కరెంటు ఉంది, ఫైబర్ మోడెమ్ వైపు పోర్టులో లైటు కూడా వెలుగుతూనే ఉంది. కాబట్టి మాస్టర్ కబుర్లు ఆగవు, బ్యాకప్ కదలదు, నెట్ మాత్రం లేదు. అందుకే పోర్టును గమనించమంటే సరిపోదు. దూరంగా ఉన్న ఒక అడ్రస్‌కు పింగ్ పంపుతూ, జవాబు రాకపోతే మాస్టర్ ప్రయారిటీని 30 తగ్గించేలా ట్రాకింగ్ పెట్టాలి. 120 కాస్తా 90 అవుతుంది, 100 ఉన్నది పగ్గాలు అందుకుంటుంది. ఇది జరగాలంటే రెండు రౌటర్లలోనూ ప్రీఎంప్ట్ (ఎక్కువ ప్రయారిటీ ఉన్నది పగ్గాలు తీసుకునే సెట్టింగ్) ఆన్‌లో ఉండాలి. మాస్టర్ తిరిగి లేచాక లైను కుదురుకునే దాకా ఒకటి రెండు నిమిషాలు ఆగేలా డిలే ఇవ్వడం మంచిది.

రెండు రౌటర్లకూ చెరో కనెక్షన్ ఉండాలి. కంపెనీలు వేరైనా ఆ రెండూ ఒకే స్తంభాల మీద వస్తుంటే ఒక్క లారీ తగిలితే రెండూ పోతాయి. ఒకటి ఫైబర్, రెండోది 4జీ పెట్టుకోండి. రెండు రౌటర్లనూ ఒకే యూపీఎస్‌కు కలపొద్దు. లైను మారినప్పుడు బయటికి కనిపించే ఐపీ కూడా మారుతుంది, పోర్టల్ మళ్లీ లాగిన్ అడగొచ్చు. ఆ మాట సిబ్బందికి ముందే చెప్పి ఉంచండి.

సీజన్ మొదలవకముందే, ఆఫీసు ఖాళీగా ఉన్న ఒక ఆదివారం పింగ్ నడుస్తుండగా రౌటర్ స్విచ్ ఆపి కాదు, బయటి ఫైబర్ పీకి చూడండి.