గాజు మీది రాయి కనిపించాలంటే ముప్పై వేల లెన్సే అక్కర్లేదు

రంజాన్ సగం దాటిందంటే మన వాట్సాప్ గ్రూపుల నిండా గాజులే. వారాసిగూడ నుంచి ఒక ఆపా లక్క గాజుల జతలు పెడతారు, చిలకలగూడ నుంచి ఇంకొకరు దుపట్టా మీద జర్దోజీ పని పెడతారు. సరుకు బాగానే ఉంటుంది. ఫోటోలో మాత్రం రాళ్లన్నీ కలిసిపోయి ఒకటే మెరుపు ముద్ద. దగ్గరికి పోతే కెమెరా ఫోకస్ కాదు, దూరం నుంచి తీస్తే గాజు చిన్నదైపోతుంది. కొనేవాళ్లు ‘ఇంకొంచెం దగ్గర నుంచి తీసి పెట్టండి’ అంటారు. పెట్టలేకపోతే వేరే గ్రూపుకు పోతారు.

చాలా ఇళ్లలో ఒక డీఎస్‌ఎల్‌ఆర్ బీరువాలో పడి ఉంటుంది. వలీమాలు తీసి సంపాదిస్తానని తమ్ముడు కొన్నది, దాంతో పాటు వచ్చిన 18-55 లెన్సుతో సహా. దానికి మాక్రో లెన్సు పెట్టాలంటే కొత్తది ఇరవై వేలు పైమాటే, మంచివి ముప్పై, నలభై వేలు దాటుతాయి. అయితే ఆ పనిలో చాలా భాగం చేసిపెట్టే చిన్న వస్తువు ఒకటి ఉంది. లెన్సు మూతి మీద మర తిప్పి బిగించే గుండ్రటి అద్దం. దుకాణంలో క్లోజప్ ఫిల్టర్ అంటారు గానీ అది దేన్నీ వడకట్టదు, అదీ ఒక లెన్సే. ప్లస్ 1, ప్లస్ 2, ప్లస్ 4, ప్లస్ 10 అని నాలుగింటిని ఒక చిన్న పర్సులో పెట్టి ఆరేడు వందలకు అటూ ఇటూగా అమ్ముతారు.

ఆ ప్లస్ నంబర్లు ఎక్కడో చూసినట్టు లేదూ? దాదా ఖురాన్ తిలావత్ చేసేటప్పుడు పెట్టుకునే కళ్లద్దాల నంబరూ అదే. దాన్ని డయాప్టర్ అంటారు. నలభై దాటిన కన్ను దగ్గరి అక్షరం మీద నిలవదు, ప్లస్ అద్దం పెడితే నిలుస్తుంది. కెమెరా లెన్సుకూ అచ్చం అదే ఇబ్బంది, అదే మందు.

లెక్క కూడా సులువే. 100ని ఆ నంబరుతో భాగిస్తే సెంటీమీటర్లు వస్తాయి. లెన్సును దూరానికి ఫోకస్ చేసి వదిలేస్తే ప్లస్ 1తో 100 సెంటీమీటర్ల దగ్గరున్న వస్తువు స్పష్టంగా వస్తుంది. ప్లస్ 2తో 50, ప్లస్ 4తో 25, ప్లస్ 10తో పదే. రెండు అద్దాలు ఒకదాని మీద ఒకటి బిగిస్తే నంబర్లు కూడుకోవాలి: ప్లస్ 2, ప్లస్ 4 కలిస్తే ప్లస్ 6, అంటే దాదాపు 17 సెంటీమీటర్లు. ఫోకస్ రింగు దగ్గరికి తిప్పితే ఇంకా దగ్గరికి పోవచ్చు. కానీ ఆ దూరం దాటి అవతల ఉన్నవన్నీ మసకే. అద్దం బిగించి గది మొత్తం తీయబోయి ‘లెన్సు పాడైంది’ అని కంగారు పడకండి. అద్దం తీసేస్తే అంతా మామూలే.

కొనేముందు పైసా ఖర్చు లేని పరీక్ష ఒకటి చేయొచ్చు. ఇంట్లో చదువుకునే కళ్లద్దాలు, ప్లస్ 2 లేదా ప్లస్ 2.5వి, కెమెరా లెన్సు ముందు చేత్తో పట్టుకుని గాజును తీసి చూడండి. తేడా అక్కడే తెలిసిపోతుంది. కాకపోతే ముందు అద్దం లేకుండా కూడా ఒకటి తీయండి. 18-55 లెన్సును 55 దగ్గర పెడితే చాలా మోడళ్లు సెన్సార్ నుంచి జానెడున్నర దూరం దాకా వస్తాయి, కొన్ని జానెడు దాకా కూడా. చాలామంది 18 దగ్గరే ఉంచి తీసి, రావట్లేదు అంటారు.

ఇక్కడే అసలు కిటుకు ఉంది. ఈ అద్దాల బలం చిన్న లెన్సు మీద తక్కువ, పొడవాటి లెన్సు మీద ఎక్కువ. లెన్సు మిల్లీమీటర్లను డయాప్టర్‌తో గుణించి 1000తో భాగించండి. 18 దగ్గర ప్లస్ 4 పెడితే వచ్చేది 0.07, అంటే ఏమీ కానట్టే. 55 దగ్గర అదే అద్దం 0.22 ఇస్తుంది. అదే 55-250 జూమ్ ఉంటే, 250 దగ్గర ఒట్టి ప్లస్ 2 చాలు, 0.5 వస్తుంది. మామూలు డీఎస్‌ఎల్‌ఆర్ సెన్సార్ వెడల్పు 22, 23 మిల్లీమీటర్లు కాబట్టి ఫోటోలో పట్టేది దాదాపు 45 మిల్లీమీటర్లు. మనం ‘రెండు నాలుగు’ అనే గాజు సైజు లోపలి వ్యాసం రెండు అంగుళాల మీద పదహారింట నాలుగు వంతులు, అంటే 57 మిల్లీమీటర్లు. గాజు మొత్తం కూడా పట్టదు, అంత దగ్గరగా వస్తుంది. పైగా మీరు అర మీటరు దూరంలో ఉంటారు కాబట్టి కెమెరా నీడ గాజు మీద పడదు. నన్నడిగితే ఈ సెట్లో పనికొచ్చేవి ప్లస్ 2, ప్లస్ 4 రెండే. ప్లస్ 10 అంచులన్నీ కరిగిపోయి, రంగుల గీతలు చూపిస్తుంది.

ఆ రంగుల గీతలు ఎందుకంటే, చవక అద్దంలో ఉండేది ఒకే గాజు ముక్క. అది నీలాన్నీ ఎరుపునూ ఒకే చోట కలపలేదు. రెండు రకాల గాజు ముక్కలు అతికించి చేసినవాటిని ఆక్రోమాట్ అంటారు. క్యానన్ 250డీ, 500డీ, రేనాక్స్ డీసీఆర్-250 అలాంటివే. బొమ్మ చాలా శుభ్రంగా వస్తుంది, ధర వేలల్లోకి పోతుంది. అమ్మకం కుదిరాక ఆలోచించవచ్చు.

కాంతి గాజులో ఎలా వంగుతుందన్న ప్రశ్న మనవాళ్లకు కొత్తేం కాదు. బాగ్దాద్‌లో ఇబ్న్ సహ్ల్ 984లోనే లెన్సుల గురించి, కాంతి వంగే కొలత గురించి రాశారు. తర్వాత బస్రాలో పుట్టిన ఇబ్న్ అల్ హైసమ్ కైరోలో ఉండి ‘కితాబ్ అల్ మనాజిర్’ రాశారు. అది లాటిన్‌లోకి వెళ్లాక యూరప్ శాస్త్రవేత్తలు శతాబ్దాల పాటు చదివారు. ఇక సికింద్రాబాద్ విషయానికి వస్తే, రాజా దీన్ దయాళ్ ఇక్కడ స్టూడియో పెట్టింది 1886లో. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆస్థాన ఫోటోగ్రాఫర్ ఆయన, ముసవ్విర్ జంగ్ బిరుదు కూడా నిజాం ఇచ్చిందే. 1892లో ఆయన హైదరాబాద్‌లో పర్దా పాటించే ఆడవాళ్ల కోసం ప్రత్యేకంగా జెనానా స్టూడియో తెరిచి, దాన్ని ఒక ఇంగ్లిష్ మహిళ చేతికి అప్పగించారు. ఆ కెమెరాల్లో పెట్టేవి బరువైన గాజు పలకలు. ఈరోజు ముఖం చూపించడం ఇష్టంలేని ఆపా తన చేతి మెహందీ, తన గాజులు తానే తీసి అమ్ముకోగలుగుతోంది. క్లోజప్‌లో ముఖంతో పనే లేదు.

ఇప్పుడు కొనే సంగతి. అందరూ బోల్తా పడేది సైజు దగ్గర. లెన్సు మీద 18-55 అని ఉంది కదా అని 55 అడిగేస్తారు. అది జూమ్ అంకె. మీకు కావలసింది మూతి వ్యాసం, సున్నాకు అడ్డంగా గీత గీసిన గుర్తు పక్కన ఉంటుంది. క్యానన్ 18-55కు 58, పాత నికాన్ 18-55కు 52, కొత్త ఏఎఫ్-పీ రకానికి 55, సోనీ 16-50కు 40.5. లెన్సు మూత లోపలి వైపు కూడా సాధారణంగా రాసి ఉంటుంది. రెండు లెన్సులుంటే పెద్దదానికి అద్దం తీసుకుని, చిన్నదానికి స్టెప్-అప్ రింగు వేసుకోవాలి, అది వంద, రెండొందల వస్తువు. అన్నట్టు, ఈ మరను మన మెకానిక్‌లు ‘చూడీ’ అంటారు, గాజునూ చూడీ అంటాం. చూడీ తీయడానికి చూడీ కొలత!

అబిడ్స్, కోఠీ వైపు దుకాణానికి పోతే లెన్సు వెంట తీసుకెళ్లండి. అద్దాన్ని పేపర్ మీద పెట్టి అంచుల్లో అక్షరాలు చూడండి. గీతలు, బుడగలు ఉంటే వద్దు. అక్కడే బిగించి, విప్పి చూసి తీసుకోండి.

అదే షెల్ఫులో 0.45 వైడ్ యాంగిల్, 2.2 టెలీ అని బరువైన అద్దాలు కూడా ఉంటాయి, పెద్ద అక్షరాలతో హెచ్‌డీ అని రాసి. వాటికి డబ్బు పెట్టొద్దని నా మాట. వైడ్‌తో మూలలు నల్లబడతాయి, గోడలు వంగుతాయి. టెలీ అయితే మధ్యలో తప్ప అంతా మసక, పైగా ఆ బరువు కిట్ లెన్సు ప్లాస్టిక్ మోటారు మీద పడుతుంది. ఈద్ చాంద్ తీద్దామని దీన్ని కొనేవాళ్లున్నారు. సెన్సార్ మీద చంద్రుడి సైజు లెన్సు పొడవులో దాదాపు 110వ వంతు. 55 లెన్సుకు అర మిల్లీమీటరు, రెండింతలు చేసే అద్దం పెడితే ఒక మిల్లీమీటరు. అందులో నెలవంక ఎంత ఉంటుందో మీరే ఊహించుకోండి. అయినా చాంద్ అయ్యిందని చెప్పాల్సింది రుయతే హిలాల్ కమిటీ, మన కెమెరా కాదు. టెలీ అద్దం పెట్టి వ్యూఫైండర్‌లోంచి సూర్యుడిని మాత్రం పొరపాటున కూడా చూడొద్దు, కన్ను పోతుంది. ఆ వైడ్ అద్దం ఇప్పటికే ఇంట్లో ఉంటే, పై భాగం మర విప్పి చూడండి. చాలావాటిలో కింది సగం విడిగా వస్తుంది, అది క్లోజప్ అద్దమే.

తీసేటప్పుడు మోడ్ డయల్‌ను అపర్చర్ మీద పెట్టి ఎఫ్ 8 లేదా ఎఫ్ 11 తీసుకోండి. అపర్చర్ చిన్నదైతే అంచుల మసక తగ్గుతుంది, గాజు ముందూ వెనకా కూడా కొంత స్పష్టంగా వస్తుంది. వెలుతురు తగ్గుతుంది కాబట్టి కెమెరాను స్టాండు మీదో, పుస్తకాల దొంతర మీదో పెట్టి రెండు సెకన్ల టైమర్ వాడాలి. కిటికీ పక్కన, ఎండ నేరుగా పడని చోట పెట్టి, మధ్యలో బటర్ పేపర్ అడ్డం పెడితే రాళ్లు మండిపోకుండా మెరుస్తాయి. ఫ్లాష్ వద్దు. ఫోకస్ కుదరకపోతే రింగు తిప్పుతూ కూర్చోకుండా గాజునే ఒక సెంటీమీటరు ముందుకో వెనక్కో జరపండి.

లాడ్ బజార్ లక్క గాజులకు 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. కరిగిన లక్క మీద ఒక్కో రాయీ చేత్తో అద్దుతారు. అచ్చులో పోసిన ప్లాస్టిక్ గాజుకూ దీనికీ తేడా కనిపించేది ఆ రాళ్ల వరసలోనే. ఫోటోలో అది కనిపించకపోతే కొనేవాళ్లు రెండింటికీ ఒకటే ధర కడతారు. లెక్క వేయండి. జతకు 40 రూపాయలు మిగులుతుందనుకుంటే, 600 పెట్టిన సెట్టు 15 జతలు అమ్మితే తిరిగి వస్తుంది. 30 వేల లెన్సు తిరిగి రావాలంటే 750 జతలు.

పాత ఉర్దూ దస్తావేజులు, నికానామాలు కాపీ తీయడానికి మాత్రం ఈ అద్దాలు వాడకండి. అంచులో ఉన్న సంతకమే మసకైపోతుంది. కాగితాన్ని చదునుగా పరిచి, అద్దం లేకుండా, కొంచెం దూరం నుంచి 50 దగ్గర తీయండి. మొహర్ విడిగా కావాలంటే అప్పుడు ప్లస్ 2 పెట్టి మధ్యలో వచ్చేలా తీసుకోవచ్చు.

అద్దం బిగించేటప్పుడు ముందు వెనక్కి ఒక చుట్టు తిప్పండి. టక్‌మని కూర్చున్నట్టు తెలిశాక ముందుకు తిప్పాలి, లేకపోతే ప్లాస్టిక్ మర అడ్డంగా కోసుకుపోతుంది. రెండు కలిపితే ఎక్కువ నంబరుది లెన్సు వైపు ఉండాలి. బిగుసుకుపోయి రాకపోతే పటకారు తేవద్దు. అంచు చుట్టూ వెడల్పాటి రబ్బరు బ్యాండు వేసి, అరచేత్తో సమంగా తిప్పండి, వస్తుంది.