విదేశీ విద్యకు ఆంగ్ల భాషా పరీక్ష: సైబరాబాద్ అభ్యర్థులు గమనించవలసిన అంశాలు

1998 నవంబరులో అప్పటి ప్రధానమంత్రి శ్రీ అటల్ బిహారీ వాజ్‌పేయి మాదాపూర్‌లో సైబర్ టవర్స్‌ను ప్రారంభించిన నాటి నుండి హైటెక్ సిటీ ప్రాంతానికి ఆంగ్లం ఉద్యోగ భాషగా స్థిరపడింది. గచ్చిబౌలి, కొండాపూర్, నానక్‌రామ్‌గూడ వరకు విస్తరించిన ఈ ఐటీ కారిడార్‌లో పగలంతా ఆంగ్లంలోనే పనిచేసే యువతీ యువకులు, పై చదువులకు విదేశీ విశ్వవిద్యాలయాలకు దరఖాస్తు చేసుకొనే సమయంలో అదే ఆంగ్లంలో తమ ప్రావీణ్యాన్ని పరీక్ష ద్వారా నిరూపించుకోవలసి వస్తున్నది. 2023-24 విద్యా సంవత్సరంలో అమెరికాలో 3,31,602 మంది భారతీయ విద్యార్థులు ఉన్నట్లు ఓపెన్ డోర్స్ నివేదిక పేర్కొన్నది. ఆ సంవత్సరం చైనాను దాటి భారతదేశం ప్రథమ స్థానంలో నిలిచింది. వారిలో తెలుగు విద్యార్థుల సంఖ్య గణనీయమన్నది విదితమే. 2023 మార్చిలో అమెరికా కాన్సులేట్ బేగంపేటలోని పైగా ప్యాలెస్ నుండి నానక్‌రామ్‌గూడలోని నూతన భవనానికి మారడంతో, వీసా ఇంటర్వ్యూ సైతం ఈ కారిడార్‌లోనే జరుగుతున్నది.

అయితే రోజూ ఆంగ్లంలో పనిచేసేవారికి ఈ పరీక్ష సులభమనుకోవడం పొరపాటు. కార్యాలయంలో అవసరమయ్యేది రెండు మూడు వాక్యాల ఈ-మెయిల్, సమావేశంలో నాలుగు మాటలు. పరీక్ష కోరేది వేరు. ఒక అభిప్రాయాన్ని ఎత్తుకొని, కారణాలు చూపి, ఎదుటి వాదాన్ని కూడా పరిశీలించి, 250 పదాలకు తగ్గకుండా సుమారు 40 నిమిషాలలో వ్రాయాలి. ఈ అలవాటు ఇంజినీరింగ్ చదువులో గాని, ఉద్యోగంలో గాని ఏర్పడే అవకాశం తక్కువ. ప్రాజెక్టు పనిలో నేర్పరులైన ఉద్యోగులకు సైతం వ్రాత విభాగంలో ప్రత్యేక సాధన అవసరం కావడానికి ఇదే కారణం.

ఐఈఎల్‌టీఎస్ పరీక్షలో వినడం, చదవడం, వ్రాయడం, మాట్లాడడం అనే నాలుగు విభాగాలు ఉంటాయి. విశ్వవిద్యాలయ ప్రవేశానికి సాధారణంగా అకడమిక్ పరీక్ష వ్రాయాలి. నాలుగు విభాగాల సగటును సమీప అర బ్యాండ్‌కు సవరించి తుది స్కోరు ఇస్తారు. ఇక్కడొక చిక్కు ఉన్నది. ఒక అభ్యర్థికి వరుసగా 7.5, 7, 6, 6.5 వచ్చాయనుకుందాం. సగటు 6.75. నిబంధన ప్రకారం అది 7 అవుతుంది. కాని ఏ విభాగంలోనూ 6.5 తగ్గరాదని కోరే విశ్వవిద్యాలయానికి ఈ స్కోరు పనికిరాదు, ఎందుకంటే వ్రాతలో వచ్చినది 6 మాత్రమే. కనుక దరఖాస్తుదారులు విశ్వవిద్యాలయం కోరే మొత్తం స్కోరుతో పాటు విభాగాల వారీ కనీస స్కోరును కూడా సాధనకు ముందే తెలుసుకోవలసి ఉంటుంది. ఇటువంటి సందర్భాలలో కంప్యూటర్‌పై పరీక్ష వ్రాసినవారు 60 రోజులలోగా ఒక్క విభాగాన్ని మాత్రమే మళ్లీ వ్రాసే సదుపాయం ఉన్నది. దానిని అన్ని విద్యాసంస్థలూ అంగీకరించవు.

చదివే విభాగంలో 60 నిమిషాలలో 40 ప్రశ్నలకు జవాబులు ఇవ్వాలి. తప్పు జవాబుకు మార్కుల కోత లేదు గనుక ఏ ప్రశ్ననూ ఖాళీగా వదలరాదు. ‘రెండు పదాలకు మించరాదు’ అన్నచోట మూడు పదాలు వ్రాస్తే, భావం సరిగా ఉన్నా మార్కు రాదు. ఎక్కువ మందిని తికమక పెట్టేది ‘నాట్ గివెన్’ అనే జవాబు. పాఠంలో చెప్పినదానికి విరుద్ధమైతే అది తప్పు; పాఠం ఆ ఊసే ఎత్తకపోతే ‘నాట్ గివెన్’. అభ్యర్థి తన లోకజ్ఞానంతో జవాబిస్తే నష్టపోతాడు. ఈ విషయంలో బాగా చదువుకున్నవారే ఎక్కువగా పొరపడే అవకాశం ఉండటం విశేషం.

తెలుగు మాతృభాషగా గలవారికి ఎదురయ్యే ఇబ్బందులు కొన్ని ప్రత్యేకమైనవి. తెలుగులో ‘ఎ’, ‘ద’ వంటి ఉపపదాలు లేవు. అందువల్ల ఆంగ్ల వాక్యంలో అవి జారిపోవడమో, అక్కరలేనిచోట చేరడమో జరుగుతుంది. ‘నాకు ఇద్దరు అన్నలు ఉన్నారు’ అనే భావాన్ని ‘ఐ యామ్ హావింగ్’ అని మొదలుపెట్టడం మరొక అలవాటు. తెలుగు అజంత భాష. బస్‌ను బస్సు, కార్‌ను కారు చేసుకొని పలికే నాలుక ఆంగ్ల పదాల చివర కూడా అచ్చును చేరుస్తుంది. ఆంగ్లంలో ఊనిక పడే చోటు మారితే వినేవారికి మాట అందదు: ‘ఫొటోగ్రాఫ్’లో మొదటి అక్షరం మీద పడే ఊనిక, ‘ఫొటోగ్రఫీ’లో రెండవ అక్షరానికి మారుతుంది. ఇక ‘మీరు ఎన్నో సంతానం?’ అన్న మన సులువైన ప్రశ్నకు ఆంగ్లంలో సూటియైన మాటే లేదు. తెలుగులో ఆలోచించి మాటకు మాట అనువదించడం ఎక్కడ ఆగిపోతుందో ఈ ఒక్క ఉదాహరణ తెలియజేస్తుంది.

యాసకు మార్కులు తగ్గించరన్నది గమనార్హం. తెలుగు ఉచ్చారణతో మాట్లాడినా స్పష్టంగా అర్థమైతే చాలు. అమెరికన్ యాసను అనుకరించబోయి వేగం పెంచి, మాటలు మింగివేయడం వల్ల కలిగేది నష్టమే. ఐఈఎల్‌టీఎస్‌లో 11 నుండి 14 నిమిషాల పాటు పరీక్షకునితో నేరుగా సంభాషించాలి. ఒక అంశంపై నిమిషం పాటు ఆలోచించుకొని, ఒకటి రెండు నిమిషాలు ఏకధాటిగా మాట్లాడడం అందులో భాగం. రాయదుర్గం మెట్రో స్టేషన్ నుండి అమీర్‌పేట వరకు సాగే ప్రయాణంలో ఆ రోజు జరిగిన ఏదో ఒక సంగతిని మనసులో ఆంగ్లంలో చెప్పుకొంటూ వెళ్లినా కొంత సాధన అవుతుంది. బట్టీ పట్టిన జవాబులను పరీక్షకులు గుర్తించి స్కోరు తగ్గిస్తారు. కొద్ది రోజులలోనే కోరిన బ్యాండ్ ఖాయమని హామీ ఇచ్చే ప్రకటనలను, పరీక్షకు ముందే ప్రశ్నపత్రం ఇస్తామనేవారిని విశ్వసించరాదు. 2022లో అమెరికా సరిహద్దులో పట్టుబడిన కొందరు గుజరాత్ యువకులు ఐఈఎల్‌టీఎస్‌లో మంచి స్కోర్లు కలిగి ఉండి కూడా న్యాయస్థానంలో ఆంగ్లంలో జవాబు చెప్పలేకపోవడంతో, మెహసానా పోలీసులు ఆ స్కోర్ల వ్యవహారంపై దర్యాప్తు చేపట్టారు.

ఇతర పరీక్షల విషయానికి వస్తే, టోఫెల్ 2026 జనవరి 21 నుండి కొత్త రూపంలో జరుగుతున్నది. చదవడం, వినడం విభాగాలలో అభ్యర్థి ఇచ్చే జవాబులను బట్టి తరువాతి ప్రశ్నల స్థాయి మారుతుంది. స్కోరును 1 నుండి 6 వరకు గల కొలమానంలో ఇస్తారు. కోఠి దుకాణాలలో, ఆదివారం ఆబిడ్స్ కాలిబాటలపై చౌకగా దొరికే పాత టోఫెల్ పుస్తకాలు పదసంపదకు ఉపకరించవచ్చు గాని పరీక్ష పద్ధతిని తెలుసుకోవడానికి పనికిరావు. పీటీఈ పూర్తిగా కంప్యూటర్ ముందు జరిగే పరీక్ష. పక్కవారి గొంతులు వినిపిస్తుండగా మైకులో ఆగకుండా మాట్లాడవలసి ఉంటుంది. డ్యుయోలింగో పరీక్షను ఇంటి నుండే సుమారు గంటలో పూర్తిచేయవచ్చు. కాని గదిలో అభ్యర్థి తప్ప మరెవరూ ఉండరాదు, తెర మీద నుండి చూపు మరల్చరాదు. ముగ్గురేసి ఉండే మాదాపూర్ హాస్టల్ గదులలో ఈ నిబంధన పాటించడం ఎంత కష్టమో వేరుగా చెప్పనక్కరలేదు. తోటివారు తలుపు తీసుకొని లోపలికి వచ్చినా ఫలితం రద్దయ్యే ప్రమాదం ఉన్నది.

ప్రభుత్వ ఆర్థిక సహాయం కోరేవారికి ఈ స్కోరు మరింత కీలకం. తెలంగాణ ప్రభుత్వ అంబేద్కర్ ఓవర్సీస్ విద్యానిధి, మహాత్మా జ్యోతిబా ఫూలే బీసీ ఓవర్సీస్ విద్యానిధి, మైనారిటీలకు ఉద్దేశించిన ముఖ్యమంత్రి ఓవర్సీస్ స్కాలర్‌షిప్ పథకాల కింద అర్హులైన విద్యార్థులకు రూ.20 లక్షల వరకు సహాయం అందుతుంది. ఈ-పాస్ పోర్టల్ ద్వారా చేసే దరఖాస్తులో ఆంగ్ల పరీక్ష స్కోరును కూడా చూపవలసి ఉంటుంది. అర్హతలు, గడువు తేదీలను ఆయా నోటిఫికేషన్లలో పరిశీలించుకోవాలి.

చివరి నిమిషంలో పరీక్ష తేదీ దొరకక, దొరికినా స్కోరు చేతికందేలోగా గడువు ముగిసి నష్టపోకుండా, ఆగస్టు ప్రవేశాలకు ముందు సంవత్సరం సెప్టెంబరు నాటికే పరీక్ష పూర్తిచేసుకోవడం మేలు. పరీక్షా సంస్థల వెబ్‌సైట్లలో ఉచిత నమూనా పరీక్షలు ఉన్నాయి. వాటిలో ఒకటి గడియారం పెట్టుకొని వ్రాసి, బలహీనమైన విభాగం ఏదో తెలిసిన తరువాతనే శిక్షణకు రుసుము చెల్లించాలో లేదో నిర్ణయించుకోవచ్చు.

నమోదు చేసుకొనేటప్పుడు పేరు విషయంలో ప్రత్యేక శ్రద్ధ అవసరం. తెలుగువారి ఇంటిపేరు ముందు వస్తుంది. పదవ తరగతి ధ్రువపత్రంలో అది ఒక్కోసారి పొడి అక్షరంగానే మిగిలిపోతుంది. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉన్నవారి అమెరికా వీసాపై అసలు పేరు ఇంటిపేరు స్థానంలోకి వెళ్లి, పేరు ఉండవలసిన చోట ‘ఎఫ్‌ఎన్‌యూ’ అనే అక్షరాలు చేరుతాయి. పరీక్షకు పాస్‌పోర్టులో ఉన్నట్లే, అదే వరుసలో పేరు నమోదు చేయాలి. తేడా ఉంటే పరీక్షా కేంద్రంలోకి అనుమతించకపోవచ్చు. పాస్‌పోర్టును సరిచేయించుకోదలచినవారు ఆ పని ముగిసిన తరువాతనే పరీక్షకు రుసుము చెల్లించడం మంచిది.

ఐఈఎల్‌టీఎస్, టోఫెల్ స్కోర్లు సాధారణంగా రెండు సంవత్సరాల వరకే చెల్లుబాటవుతాయి. ఉద్యోగంలో ఉంటూ ప్రయాణాన్ని ఏడాదికేడాది వాయిదా వేసుకొనేవారు మూడవ సంవత్సరంలో మళ్లీ మొదటి నుండి పరీక్ష వ్రాయవలసి ఉంటుంది.